బెల్టు కోసినవాడు

టాక్సీ స్టాండులో వాడి అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కత్తి అంటే చాలు. నడుముకి చాకు, నోటికి బూతు, ఈ రెండూ లేకుండా వాడిని చూసినవాళ్లు లేరు.

వాడి కుడి అరచెయ్యి కాలి ముడుచుకుపోయి ఉండేది. ఒకప్పుడు కళ్లముందే ఒక వ్యాను తగలబడుతుంటే పరిగెత్తి డోరు పట్టుకు లాగాడు. చేతి తోలు హ్యాండిల్‌కి అంటుకుపోయింది గానీ డోరు మాత్రం రాలేదు. లోపల డ్రైవరు అద్దాన్ని గుద్దుతూ గుద్దుతూ ఆగిపోయాడు. డోరు ఇరుక్కుందో, సీటు బెల్టు ఇరుక్కుందో ఆ పొగలో ఎవడు చూశాడు? సాయంత్రానికల్లా స్టాండంతా కలిసి తేల్చేసింది, చంపింది బెల్టేనని. కత్తి అందరికంటే గట్టిగా నమ్మాడు. నమ్మకపోతే, లాగలేకపోయింది తన చెయ్యేనని ఒప్పుకోవాలి మరి.

బళ్లకి బెల్టులు ఉండి తీరాలని మొదట చట్టం వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. బండితోపాటు వచ్చాయి, పడున్నాయి. నడ్డికి గుచ్చుకుంటున్నాయని కొందరు సీటు కవరు కిందే పెట్టి కుట్టించేశారు కూడా. ఆ తర్వాత ఇంకో చట్టం వచ్చింది. ఉంటే చాలదు, డ్రైవరు పెట్టుకోవాలి. లేదంటే జరిమానా, మళ్లీ దొరికితే లైసెన్సు గోవిందా.

స్టాండు భగ్గుమంది. ప్రెసిడెంటు పెద్దన్న బల్లెక్కి అరిచాడు.

"ఉరితాడు మన మెడకి మనమే బిగించుకోవాలట! రేపట్నించి సమ్మె. ఎవడైనా పెట్టుకుని రోడ్డెక్కాడా, అక్కడికక్కడే కోసి పారెయ్యండి!"

కోసే పని ఎవరికి పడిందో చెప్పక్కర్లేదు.

పొద్దున్నే కూడలిలో రాళ్లు పేర్చారు. వచ్చిన బండినల్లా ఆపి, అద్దాలు పగలగొట్టి, డ్రైవర్ల కాలరు పట్టి ఈడ్చారు. కత్తి చాకు ఆడుతూనే ఉంది. బెల్టుతోపాటు ఒకడి భుజం కూడా తెగింది. వాడు కుయ్యోమంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఈలలేశారు. ఆ ఈలలు కత్తికి కల్లులా ఎక్కాయి.

అంతలో బావ బండి వచ్చింది. కత్తి అక్క మొగుడు. వెనక సీట్లో రక్తం ఎక్కించుకోడానికి ఆసుపత్రికి వెళ్తున్న ఒక ముసలమ్మ.

"దిగు బావా."

"దిగను. వెనక పేషెంటుంది, కళ్లు కనపడట్లా?"

"సమ్మె బావా, సమ్మె!"

"మీ సమ్మె మీరు చేసుకోండి. అడ్డం లేవరా బామ్మర్దీ, మీ అక్కకి తెలిస్తే వీపు విమానం మోత మోగుతుంది."

అందరూ పగలబడి నవ్వారు. కత్తి మొహం జేవురించింది. చొక్కా పట్టుకుని గుంజాడు. బావ కదల్లేదు, బెల్టు పట్టి ఉంచింది.

"చూశారా ఎలా బిగబట్టిందో! ఇదే చంపేది!" అని అరిచాడు కత్తి.

"పట్టుకోడానికే కదరా అది ఉన్నది!"

ఒక్క వేటు. బెల్టు రెండు ముక్కలైంది, బావ చొక్కా మీద ఎర్రగా గీత లేచింది. బావ తిట్టలేదు. తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని, గట్టిగా ముడేసుకుని, గేరు మార్చి వెళ్లిపోయాడు.

ముసలమ్మని దింపి తిరిగొస్తుంటే ముందు లారీ ఉన్నట్టుండి ఆగింది. కబురందుకుని కత్తి పరిగెత్తాడు. స్టీరింగు బావ రొమ్ములో దిగబడి ఉంది. మొహం నిండా గాజుపెంకులు. ముడి ఊడిపోయి బెల్టు కొస గాల్లో వేలాడుతోంది. ఆసుపత్రి దారిలోనే బావ కత్తి ఒళ్లో నెత్తురు కక్కుకుని పోయాడు.

ఆసుపత్రి గుమ్మంలో అక్క వాడి చొక్కా పట్టుకుని ఊపేసింది.

"ఆయన బెల్టు పెట్టుకోందే బండి తీసేవాడు కాదు కదరా! మరి ఎలా జరిగింది? చెప్పు!"

కత్తి నడుముకున్న చాకుని చేత్తో కప్పుకున్నాడు. కూడలిలో ఈలలేసిన వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కడూ తలెత్తలేదు.

మర్నాడు రవాణా శాఖ అధికారి చర్చలకి స్టాండుకే వచ్చాడు. పెద్దన్నకి పండగైంది.

"పెట్టుకున్నవాడు ఏమయ్యాడో చూశారుగా సార్? ఇదిగో, సాక్షాత్తూ బామ్మర్దే ఉన్నాడు. చెప్పరా కత్తీ, మీ బావ బెల్టు పెట్టుకునే పోయాడా లేదా?"

అవునంటే సరిపోతుంది. సమ్మె గెలుస్తుంది, అక్కకి ఎప్పటికీ తెలియదు. కత్తి అధికారి వైపు తిరిగాడు.

"పెట్టుకున్నాడు. నేను కోశాను. ముడేసుకున్నాడు. ముడి ఊడింది."

అధికారి లేచి వెళ్లిపోయాడు. ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో, కత్తిని షెడ్డు వెనక్కి ఈడ్చుకుపోయారు. జాకీ రాడ్డుతో మోకాలి మీద కొట్టారు. కిందపడితే డొక్కలో తన్నారు.

"ఆయన ఆఫీసుకెళ్లి, దానంతటదే తెగిందని చెప్పు!"

"నేనే కోశా."

పెద్దన్న పిడికిలికి ముందు పన్ను ఊడింది.

"అందరి పొట్టా కొడతావట్రా? తెగిందని చెప్పు!"

"కోశా. మీరు ఈలలేశారు."

ఆ మాటకి రాడ్డు పట్టినవాడి చెయ్యి పైనే ఆగిపోయింది. పెద్దన్న ఒక్కడే ఇంకో రెండు తన్ని, ఆయాసంతో గోడకి చేరగిలబడ్డాడు.

కత్తి నెత్తురు ఉమ్మి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందా? అయితే దారివ్వండి. అక్కకి ఇంకా చెప్పలేదు."