సూదికి ఒక్కపొద్దు

ఈ ప్రయాణం చేసిన రోజుల్లో నాకు అక్షరాలు రావు. బస్సు నెత్తిన రాసిన ఊరి పేరు చదవలేను, గడియారం చూసి టైము చెప్పలేను. యాభై దాటాక మా వాడలో పెట్టిన రాత్రి బడికి పోయి నేర్చుకున్నాను. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. మా వైపు నుంచి ఇదే జబ్బుతో పట్నం పోయే ఆడవాళ్లు ఇప్పుడు కూడా నన్ను దారి అడుగుతుంటారు. దారి చెప్పగలను. మిగతాది నాకే సరిగా అర్థం కాలేదు. అర్థమైనంత వరకు రాస్తాను.

నందికొండ దగ్గర కొత్తగా కట్టిన పెద్ద ఆనకట్ట నుంచి కాలువల్లోకి నీళ్లు వదిలిన మరుసటి యేడు అది. మాది హుజూర్‌నగర్‌కు ఇవతల, బట్టలు నేసే సాలోళ్ల ఇళ్లు ఎక్కువగా ఉన్న ఊరు. మా ఆయన అక్క సత్తెమ్మ చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఇల్లు నడిపేది ఆమే. నేను వదినె అని పిలిచేదాన్ని. అప్పటికి ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఎడమ రొమ్ములో గడ్డ లేస్తే ఎవరికీ చెప్పకుండా చాలా కాలం దాచింది. చివరికి పట్నంలోని పెద్ద దవాఖానలో ఆ రొమ్ము తీసేశారు. కొన్నాళ్లకు చంకలో మళ్లీ గడ్డలు తేలాయి. ఈసారి కోత కాదని, నరానికి ఎక్కించే కొత్త మందు ఉందని, మూడు వారాలకోసారి రావాలని డాక్టర్లు చెప్పారు. రెండుసార్లు మా ఆయన తీసుకుపోయాడు. మూడోసారికి మగ్గం మీద పెళ్లి చీరలు ఉన్నాయి, వాటికి గడువు ఉంది. నేను పోయాను.

మంగళవారం పొద్దు పొడిచే వేళకు రోడ్డు మీద నల్గొండ బస్సు ఎక్కాం. కండక్టరు మంచివాడు. "ముసలమ్మకు ముందట సీటియ్యిండ్రి" అని అరిచాడు.

వదినె నా వైపు చూపించి, "ఈమెకేనా? ఇంకా అంత ముసలిది కాలే బిడ్డా" అంది. బస్సంతా నవ్వింది. కూర్చున్నది మాత్రం ఆమే.

దారికి నేను జొన్న రొట్టెలు, మామిడికాయ తొక్కు మూట కట్టుకొచ్చాను. మిర్యాలగూడలో బస్సు కాసేపు ఆగినప్పుడు మూట విప్పితే వదినె తన వంతు రొట్టెలను పక్క సీటులోని పిల్లల తల్లికి ఇచ్చేసింది. "నేను పొద్దుగాలే తిన్న" అంది. నేను నమ్మాను. ఆ వేళకు లేచి వంట చేసింది ఆమే మరి.

నల్గొండ చేరేసరికి పది అయిందని చాయ్ హోటల్ అతను చెప్పాడు. అక్కడ పట్నం బస్సు మారాలి. పోయేవాళ్లకు ఒక మాట. అక్కడ బస్సు ఆగే గుట్ట కింద ఎండ మాడుస్తుంది, నిలబడడానికి నీడ తక్కువ, నీళ్ల చెంబు వెంట ఉంచుకోవాలి. పట్నం బస్సులో పల్లీలు నములుతున్న ఒక పెద్దాయన ఎక్కడికి, ఏం బీమారి అని అడిగాడు. చెప్పాను.

"గీ వయసుల సూదులెందుకమ్మా? దేవుని పేరు తలుసుకుంట ఇంట్ల కూసోక" అన్నాడు.

"నోట్ల పండ్లే లేకపాయె, నీకు పల్లీలెందుకు పటేలా?" అంది వదినె.

ఆయన కోపం తెచ్చుకోలేదు. నార్కట్‌పల్లి దాటాక గుప్పెడు పల్లీలు ఆమె చేతిలో పోశాడు. ఆమె కొంగున ముడి వేసుకుంది. ఆ పెద్దాయన మాట మాత్రం నా మనసులో పట్టుకుంది. నిజమేనేమో, మేం ఈమెను ఊరికే తిప్పలు పెడుతున్నామేమో అనిపించింది. మళ్లీ ఆమె ముఖం చూస్తే బతకాలని ఉన్న మనిషి ముఖం.

ఎండ వాలే వేళకు గౌలిగూడలో దిగి, రిక్షా మాట్లాడుకొని దవాఖాన దగ్గరి సత్రానికి పోయాం. అక్కడ చాప మనదే, పొయ్యి మనదే. జాగా మాత్రం వాళ్లిస్తారు. నేను అన్నం వండాను. వదినె వాసనకు కడుపు తిప్పుతోందని చెప్పి అటు తిరిగి పడుకుంది. ఆ మందు తీసుకున్నవాళ్లకు కడుపు తిప్పడం మామూలేనని మా ఆయన ముందే చెప్పాడు. నేను పట్టించుకోలేదు.

తెల్లవారగానే దవాఖాన వరుసలో నిలబడాలి. ఆలస్యమైతే మధ్యాహ్నానికి గాని పిలుపు రాదు. వేలికి పొడిచి రక్తం తీశారు, బరువు చూశారు. బెంచీ మీద మా పక్కన పాలమూరు జిల్లా ఆమె కూర్చుంది. నా వయసే ఉంటుంది. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"నాకు ఒకసారి ఆపిన్రు. మళ్ల ఇచ్చిన్రు. ఎందుకు ఆపిన్రో ఎందుకు ఇచ్చిన్రో ఆ దేవునికెరుక" అంది.

పెద్ద డాక్టరు కాగితాలు చూసి తల ఊపాడు. "ఇవాళ మందు ఇవ్వం. రక్తం తగ్గింది, బరువు బాగా తగ్గింది. ఈ వయసులో శరీరం తట్టుకోవడం లేదు. రెండు వారాల తర్వాత తీసుకురండి. అప్పటికీ ఇలాగే ఉంటే పూర్తిగా ఆపేద్దాం."

ఆయన పోయాక పక్కనున్న పడుచు డాక్టరమ్మను పట్టుకున్నాను.

"ముసలితనంతోనేనా అమ్మా?"

"వయసు ఒక్కటే కాదు. ఈ మందు ఎవరికైనా రక్తం తగ్గిస్తుంది, చిన్నవాళ్లకు కూడా. కొన్నాళ్లు ఆగితే పెరుగుతుంది. కానీ బరువు ఇంతగా ఎందుకు పడిపోయింది? సరిగా తింటోందా?"

"తింటది" అన్నాను.

"మందు ఆపితే ఏమైతది?" అని నేనే మళ్లీ అడిగాను.

"గడ్డలు పెరగొచ్చు."

"ఇస్తే?"

"రక్తం మరీ తగ్గినప్పుడు ఇస్తే చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది."

"మరి ఏది మంచిది?"

"అదే మేము కూడా చూస్తున్నాం" అంది.

అంత చదువుకున్న ఆమె కూడా అలా అంటే నేను ఏమనుకోవాలో తెలియలేదు. బయట వదినె కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఆమెకు కూడా జుట్టు రాలుతోంది.

"ముసలిదాన్నని వాపస్ పంపుతున్నరు గద?" అంది. నేను ఆమెను లేపి సత్రం వైపు నడిపించాను.

ఇంకా మధ్యాహ్నం కాకముందే పట్నం వదిలాం. చౌటుప్పల్‌లో సీతాఫలాల గంపతో ఒకామె ఎక్కి మా ఎదుట కూర్చుంది. కాసేపటికి ఒక మాగిన పండు తీసి వదినెకు చాచింది.

"తిను అవ్వా, నోరెండినట్టున్నది."

"వద్దు బిడ్డా. నాకు ఒక్కపొద్దు."

నేను ఉలిక్కిపడ్డాను. "ఇయ్యాల బుధవారం గద వదినె, ఏ దేవునికి ఒక్కపొద్దు?"

"దేవునికి కాదు. సూదికి."

"సూదికి ఒక్కపొద్దేంది?"

"గుడికి కడుపు నింపుకొని పోతమా? గిది అంతకన్న తక్కువదా? నిన్న ఇల్లు ఎల్లినకాడి నుంచి, సూది పడేదాక ఏం ముట్ట."

"సూది పడలే గద."

"అందుకే ఇంకా తినలే" అంది మామూలుగా.

తర్వాత ఒక్కొక్కటే అడిగాను. శనివారం మట్టపల్లి నర్సింహస్వామికి, సోమవారం శివునికి ఎప్పుడూ ఉండేదే. మొదటి సూది నాటి నుంచి, మందు పనిచేయాలని గురువారం కూడా పట్టింది. మాపటికి ఒక్కసారి తింటుంది. సూదికి పోయే ముందు వారమైతే పాలు మాత్రమే. ఇదంతా ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియదు. మా ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖరికి తినేది వదినె. ఆమె కంచంలో ఏముందో, అసలు కంచం పెట్టుకుందో లేదో చూసినవాళ్లు లేరు.

గంపామె మధ్యలో కలగజేసుకుంది. "గట్లయితె మందుకు ఆసరా ఏమున్నదవ్వా కడుపుల?"

"అది నరంలకు పోతది. కడుపులకు కాదు" అంది వదినె.

"నువ్వు బరువు తగ్గినవనే ఆపుతున్నరు వదినె."

"వయసని అన్నడు పెద్ద డాక్టరు. నేను ఇన్న."

"రెండు అన్నడు."

"ఏది నిజం?"

"నాకు తెల్వది. తిండి మాత్రం మన చేతుల ఉన్నది గద?"

ఆమె కిటికీ బయటికి చూసింది. "మొక్కుకున్నంక నడుమ ఇడిస్తే ఆ మందు గూడ నన్ను ఇడిసిపెడ్తదేమో" అంది. మొదటిసారి ఆమె గొంతులో భయం విన్నాను.

అప్పుడు నా నోట వచ్చింది. "నువ్వు ఇడువకు. నీ ఒక్కపొద్దులన్ని నాకియ్యి. నేను ఉంట."

"ఆడిబిడ్డ మొక్కు కోడలు పడితె చెల్లుతదా?"

"మా అత్తకు కాలిరిగితె ఆమె మొక్కిన గుట్ట నేనెక్కిన" అంది గంపామె. "చెల్లింది."

"కాలు బాగైందా?"

"కుంటుకుంటనే నడుస్తది. గని చెల్లింది."

వదినెకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, కానీ లోపల గుబులు పోలేదు. ఇస్తాననీ ఇవ్వననీ ఆమె చెప్పలేదు. నల్గొండలో బస్సు మారాం. మిర్యాలగూడ దాటాక కాలువ నిండా నీళ్లు, నిన్నమొన్నటి బీళ్లలో నాట్లు కనిపించాయి. ఈ దారి గురించి నేను చెప్పగలిగింది ఇంతే. బస్సులు దొరుకుతాయి, సత్రం దొరుకుతుంది, అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. వయసు ఎంత లాగుతోంది, జబ్బు ఎంత తింటోంది, మందు ఎంత తీస్తోంది, ఆకలి ఎంత తీస్తోంది అన్నది మాత్రం ఎవరూ విడదీసి చెప్పలేరు. రెండు వారాల తర్వాత ఆమెకు ఆ సూది మళ్లీ ఇచ్చారు. ఆగినందుకు రక్తం పెరిగిందని డాక్టరమ్మ అంది. స్వామి దయ అని వదినె అంది. నాకు ఇప్పటికీ తెలియదు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. అలసి అలాగే పడుకుంది వదినె.

తెల్లవారితే గురువారం. నేను ఆమె కంటే ముందు లేచి జొన్న రవ్వతో గట్క వండి, చల్ల కలిపాను. మగవాళ్లు ఇంకా తినలేదు. అయినా పీట వేసి వదినెను కూర్చోబెట్టి ముందు ఆమెకే కంచం పెట్టాను. మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ అలా చేయలేదు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"నీ కంచమేది?" అంది వదినె.

"నాకు ఒక్కపొద్దు."

ఆమె చెయ్యి కడుక్కుని, "పొద్దెక్కినంక కండ్లు తిరుగుతయి పిల్లా, రాట్నం కాడ కూసోకు" అంటూ ముద్ద కలిపింది. కంచం ఖాళీ అయ్యేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.