లెమ్యూయెల్ తాత నడిపిన ఆరేళ్ల కేసు

కెంటకీ కొండల్లోని ఆ ఫెడరల్ జైల్లో లెమ్యూయెల్ టాకెట్‌ని మించిన లాయరు లేడు. బయట ఉన్నప్పుడు బొగ్గు లారీ తోలేవాడు. లోపలికొచ్చిన ఇరవై రెండేళ్లలో లైబ్రరీలోని చట్టం పుస్తకాలన్నీ నమిలి మింగాడు. ఆయన రెండు వేళ్లతో టైపు కొడుతుంటే మూడు జిల్లాల జడ్జీలు భోంచేస్తూ ఉలిక్కిపడేవారని ఖైదీలు ఒట్టేసి చెప్పేవారు.

ఆ ఏడు తాత పట్టింది కార్డెల్ పెట్‌వే కేసు. పదిహేనేళ్ల శిక్ష. అందులో ఆరేళ్లు, ఎప్పుడో కోర్టు కొట్టేసిన పాత నేరాన్ని కలిపి వేసినవి. విచారణలో కార్డెల్ లాయరు దాని మీద నోరు మెదపలేదు. ఆ ఆరేళ్లు తీసేయమని అడగడానికి ఏడాది గడువు. అది శుక్రవారంతో ఆఖరు.

శుక్రవారం రెండున్నరకి కార్డెల్ ఈల వేసుకుంటూ లైబ్రరీకి వచ్చాడు.

"నువ్వు కొట్టిచ్చిన అర్జీ పంపేశా తాతా!"

"ఎవరి చేతికిచ్చావ్?"

"చేతికెందుకు? అమ్మకి ఉత్తరాలేసే డబ్బాలో పడేశా."

"ఓరి నీ తెలివి తగలెయ్యా! కోర్టు కవరు మెయిల్‌రూమ్ ఆఫీసరు చేతికే ఇవ్వాలిరా. ఆవిడ ముద్ర కొట్టిన తారీఖే కోర్టు చూసేది. డబ్బా సోమవారం గానీ తెరవరు!"

కార్డెల్ ముఖం పాలిపోయింది.

"ఏడవకు. కార్బన్ ప్రతి ఉంది. సంతకం గీకు."

ఖైదీలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడానికి మూడింటికి తలుపులు పది నిమిషాలే తెరుస్తారు. ఆవరణలో పరిగెత్తితే శిక్ష. అందుకని తాత పరిగెత్తలేదు; అరిగిపోయిన మోకాలితో అంత వేగంగా నడిచిన మనిషిని ఆ జైలు చూడలేదు.

మెయిల్‌రూమ్ కిటికీ సగం మూసి ఉంది.

"సోమవారం రా, టాకెట్," అంది ఆఫీసరు ఓల్డాకర్.

"సోమవారమైతే వీడికి ఆరేళ్లు మీద పడతాయమ్మా."

ఆమె తాత వెనకే వచ్చిన కార్డెల్ వైపు చూసి కవరు అందుకుంది. "నీ ముసలి నోటికి తాళం లేదు," అని ముద్ర కొట్టింది.

ఎనిమిది నెలలు తిరిగాక తీర్పొచ్చింది. ఆరేళ్లూ పోయాయి. కార్డెల్ తాతని ఊపిరాడనివ్వకుండా కావలించుకుని అడిగాడు.

"మరి నీ కోసం నువ్వే రాసుకున్న అర్జీ ఏమైంది తాతా? రెండుసార్లు కొట్టేశారటగా?"

"నా లాయరు ఒట్టి దద్దమ్మరా," అని తాత మిషన్లోకి ఇంకొకరి కాగితం ఎక్కించాడు.