వెర్నా గోడ కూలిన ఏడాది

కాగితం మిల్లు ఊళ్ళో మొగుడూ పెళ్ళాలు క్రిస్మస్‌కు పోట్లాడుకోరు. అప్పటికే అలసిపోయి ఉంటారు. అసలు యుద్ధాలన్నీ నవంబరులోనే. ఆ నెలలో మిల్లువాళ్ళు భోజనాల గదిలో డోనట్లు పెట్టి, వచ్చే ఏడాదికి ఆరోగ్య బీమా ప్లాను ఎంచుకోమంటారు. ప్లాన్లు రెండే. మొదటిదానికి ప్రతి జీతంలోనూ ప్రీమియం గట్టిగా కోస్తారు. జబ్బు చేసినప్పుడు చేతినుంచి పడేది మాత్రం కొంచెమే. రెండోదానికి ప్రీమియం చవక. కానీ డిడక్టిబుల్ అని ఒకటుంటుంది. ఇంటిల్లిపాదికీ కలిపి ఖర్చు అంతవరకూ చేరేదాకా ప్రతి పైసా మనమే కట్టాలి. అది దాటితే మిగతా ఏడాదంతా ఉచితం. జనవరి ఒకటిన లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ డిడక్టిబుల్‌ను గేలార్డ్ టోర్గర్సన్ "గోడ" అనేవాడు. ఏటా చవక ప్లానుకే టిక్కు పెట్టేవాడు. పెళ్ళాన్ని ఒక్కసారీ అడగలేదు. మిగిలిన ప్రీమియం డబ్బుతో చేపల పడవ కొన్నాడు. దానికి పెళ్ళాం పేరే పెట్టాడు. అంచేత ఆ ఇంట్లో ఇద్దరు వెర్నాలు. పడవ వెర్నాకు కొత్త మోటారు వచ్చింది, మెత్తటి సీట్లు వచ్చాయి, చలికాలంలో వెచ్చటి గరాజు దక్కింది. ఆడమనిషి వెర్నాకు తుంటి అరిగిపోయింది. చర్చిలో ఆమె మోకరిల్లితే తుంటి చేసే చప్పుడుకు, ఆర్గన్ వాయించే ఆవిడ ఇంకో పాట మొదలెట్టిందని మిల్లులో చెప్పుకునేవారు.

"డాక్టరు దగ్గరికి పోతానయ్యా" అంటే, గేలార్డ్ ఫ్రిజ్ తెరిచి, నొప్పిమీద చల్లగా పెట్టుకోమని గడ్డకట్టిన బఠాణీల పొట్లం తీసిచ్చేవాడు.

"గోడ ఎంతెత్తుందో తెలుసా నీకు? ఇది పెట్టుకో, సర్దుకుంటుంది."

కుడి డొక్కలో పోటు వస్తే, "గ్యాసు" అనేవాడు. దానికీ బఠాణీలే. ఆ పొట్లం ఎంత పాతదంటే, లోపలి బఠాణీలకు గడ్డాలు మొలిచాయనేది వెర్నా.

ఓ శుక్రవారం చేపల వేపుడుకి ఊరంతా బారులో చేరినప్పుడు గేలార్డ్ బ్రాందీ గ్లాసు ఎత్తి అందరూ వినేలా అన్నాడు: "మా ఆవిడ ఇనప మనిషిరా! డాక్టరు మొహం చూసి ఎన్నేళ్ళయిందో. మా పడవ నడిచేది పెట్రోలుతో కాదు, ఆమె ఆరోగ్యంతో!"

అందరూ పగలబడి నవ్వారు. అతనితో వేటకెళ్ళే మైలో బల్ల చరిచాడు. వెర్నా కూడా నవ్వింది. బల్లకింద రెండు చేతులతో తుంటి నొక్కుకుంటూ, పళ్ళ బిగువున నవ్వింది. సరేనయ్యా, ఈ మాటకు అణా పైసలతో కక్కిస్తాను, అనుకుంది.

దారి మార్చిలో దొరికింది. గరాజులో పడవ ఉంది కనుక వెర్నా కారు బయట మంచులోనే ఉండేది. ఓ ఉదయం, స్కూలు వంటశాలలో పనికని కారు దగ్గరికి వెళుతూ గాజులాంటి మంచుగడ్డమీద కాలు జారి, గరాజు బయటికి పొడుచుకొచ్చిన పడవ బండి ఇనుపకొక్కెం మీద పడింది. మణికట్టు రెండు ముక్కలు. అంబులెన్సు, ఎక్స్‌రేలు, ఆపరేషను, ఎముకలో మరలు. గేలార్డ్ ఇన్నేళ్ళూ చూసి భయపడ్డ గోడ ఒక్క పూటలో కూలింది. దానికింద పడవ పడి నలిగింది. బిల్లులు కట్టడానికి దాన్ని అమ్మితే మైలో కొనుక్కున్నాడు.

గేలార్డ్ గరాజులో ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు. కట్టుతో ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని వెర్నా వంటింట్లో క్యాలెండరు ముందు కూర్చుంది. గోడ కూలింది. డిసెంబరు ఆఖరిదాకా దారి బార్లా తెరిచి ఉంది.

మే నెలలో చేపలవేట మొదలయ్యే వారం చూసి మరీ తుంటి మార్పిడి పెట్టించుకుంది. ఊరి మగవాళ్ళంతా చెరువుమీద ఉంటే గేలార్డ్ ఇంట్లో ఆమెకు మేజోళ్ళు తొడిగాడు.

"ఇంకో వారం ఆగితే నీ సొమ్మేం పోయేది వెర్నా?"

"తొమ్మిదేళ్ళు ఆగానుగా. ఆ ఎడమది సరిగ్గా లాగు, మడత పడింది."

కిటికీలోంచి పడవ కనబడింది, మైలో దాన్ని బండికి కట్టుకుని పోతూ ప్రేమగా హారన్ కొట్టాడు. ఆగస్టులో కంటి శుక్లాలు తీయించుకుంది. చుక్కలమందు వేసే పని గేలార్డ్‌ది. డొక్కలో పోటుకు తీసిన స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళు బయటపడ్డాయి. "కంగారు లేదు, కానీ తీయించుకో" అన్నాడు డాక్టరు. "గ్యాసు రాయి కట్టిందన్నమాట" అంది వెర్నా, మొగుడి వంక చూస్తూ.

కొత్త తుంటి కుదురుకున్నాక ఆమె స్కూల్లో పూర్తి పూట పని అడిగి తీసుకుంది. పూర్తి పూట వాళ్ళకు స్కూలు సొంత బీమా ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు.

పెళ్ళాన్ని ఎత్తీ దించీ గేలార్డ్‌కు గజ్జల్లో హెర్నియా వచ్చింది. అక్టోబరులోనే ఆపరేషను చేయించుకోమంది వెర్నా.

"దుప్పుల వేట పోతుంది. డిసెంబరులో చేయించుకుంటా. ఎలాగూ ఊరికేగా! లోరేన్‌కి చెప్పా, ఖాళీ ఉంటే ఇంటికి ఫోన్ చేస్తుంది." లోరేన్ అంటే ఆ ఊరి ఒక్కగానొక్క సర్జను దగ్గర తేదీలు రాసే ఆవిడ. గోడ కూలినవాళ్ళంతా డిసెంబరులోనే కోతలకు ఎగబడతారు గనక ఆ నెలలో ఆమె మాటే వేదం.

నవంబరు వచ్చింది. వెర్నా మనసులో ఒకే ఒక్క పందెం వేసుకుంది. ఈసారి ప్లాను ఎంచుకునేముందు 'నువ్వేమంటావు' అని అడిగితే చాలు, లెక్క చెల్లు. రోజూ సాయంత్రం కాఫీ పోసి ఎదురుగా కూర్చుంది. అతను వాతావరణం మాట్లాడాడు. దుప్పుల సంగతి మాట్లాడాడు. తుపాకీ నూనె మాట్లాడాడు.

చివరికి ఓ సాయంత్రం జేబులోంచి నలిగిన డోనట్ తీసి బల్లమీద పెట్టాడు.

"నీకోసం తెచ్చా. టిక్కు పెట్టేశా, పాత ప్లానే. మిగిలిన డబ్బుతో మైలో దగ్గర పడవ వెనక్కి కొంటా."

వెర్నా ఆ డోనట్‌ను ముక్క మిగలకుండా తింది. మర్నాడు స్కూల్లో, ప్రీమియం ఎక్కువైనా గోడ మోకాలెత్తున్న ప్లాను తీసుకుంది.

గేలార్డ్ వేటకు వెళ్ళిన వారంలో లోరేన్ ఫోన్ చేసింది.

"డిసెంబరులో ఒక్క రోజే మిగిలింది వెర్నమ్మా. సాయంత్రంలోగా మీ ఆయన్ని ఖాయం చేయమను."

వెర్నా ఫ్రిజ్ తలుపు తీసింది. బఠాణీల పొట్లం ఆమె వంక చూసింది.

"ఆ రోజు నాకు రాయి లోరేన్. రాళ్ళు తీయించుకోవాలి."

"మరి గేలార్డ్‌కి?"

"కొత్త సంవత్సరం వచ్చాక ఎప్పుడైనా."

గేలార్డ్ గ్లాసెత్తిన ఆ శుక్రవారం బారులో లోరేన్ కూడా ఉంది. "జనవరి మొదటివారం రాస్తున్నా" అంది, తియ్యగా.

గేలార్డ్ దుప్పిని బండిమీద వేసుకుని, గజ్జలు పట్టుకుని, రాజులా దిగాడు.

"లోరేన్ ఫోన్ చేసిందా?"

"చేసింది. డిసెంబరు ఆఖర్లో ఒక్కటే ఉందట."

"హమ్మయ్య! దేవుడు చల్లగా చూశాడు."

"చూశాడు. నన్ను. నీది జనవరి."

"జనవరా! గోడ మళ్ళీ లేస్తుందే!"

"లేస్తుంది. నువ్వే టిక్కు పెట్టావుగా."

"పిచ్చెక్కిందా నీకు? పోయేది మనిద్దరి డబ్బే!"

"నీ డబ్బు. జనవరి నుంచి నాది స్కూలు బీమా. ప్రీమియం నా జీతంలోంచే కోస్తారు."

"ఎవర్నడిగి తీసుకున్నావు?"

"నువ్వు ఎవర్నడిగావో వాళ్ళనే."

గేలార్డ్ బండికి ఆనుకుని మళ్ళీ గజ్జలు పట్టుకున్నాడు. వెర్నా అతని చేతిలో బఠాణీల పొట్లం పెట్టింది.

"ఇది పెట్టుకో. సర్దుకుంటుంది."

జనవరిలో అతని కోత అయింది. గోడ ఖర్చు కట్టడానికి, గడ్డకట్టిన చెరువుమీద కూర్చుని గాలం వేసుకునే తన చెక్కగదిని అమ్మకానికి పెట్టాడు. ఆపైన మంచంలో పడుకున్నాడు. వారం తిరక్కుండానే చెక్కగది అమ్ముడుపోయింది. కొన్నది వెర్నా. కొత్త తుంటితో మంచుమీద గబగబా నడిచి వెళ్ళి, తలుపుమీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు రాసింది: గేలార్డ్. మొదటిరోజే ఆమె లాగిన చేప తలుపులోంచి పట్టలేదని, దాన్ని బయటికి తేవడానికి రెండుసార్లు మడవాల్సొచ్చిందని ఊరంతా చెప్పుకుంది.

ఓ రోజు మైలో తల లోపలికి పెట్టి చూశాడు.

"వెర్నా, దీని పైకప్పు కారుతోంది. పక్కచెక్క పుచ్చింది. బాగు చేయించవా?"

వెర్నా గాలం మీంచి చూపు తిప్పలేదు.

"గేలార్డ్‌కేనా? ఖర్చెందుకు మైలో? కాస్త మంచు ముక్క పెట్టు. సర్దుకుంటుంది."