సర్వరూ, బియ్యం కడిగిన నీళ్ళూ

చక్కగా పనిచేస్తున్న వస్తువును చూస్తే నాకు చేతులు దురదపెడతాయి. ఇది నా వృత్తిరోగం. ఆఫీసులకు వెళ్ళి సర్వర్లు బిగించడం, అవి మొరాయిస్తే దారికి తేవడం ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం. ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు మీటరు తీసి గోడలోని సాకెట్లో గుచ్చుతాను. యంత్రంలోంచి కారే కరెంటును మట్టిలోకి పంపే తీగ ఉంటుంది కదా, ఎర్తింగ్ అంటారు, అది సరిగ్గా ఉందని తేలేదాకా సర్వరు డబ్బా కూడా విప్పను. ఒకసారి ఒక పెద్ద మేనేజరును నిలబెట్టి ఎర్తింగ్ మీద అరగంట క్లాసు పీకాను. ఆయన మంచినీళ్ళు తెప్పించి నాకే ఇచ్చాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విన్నప్పుడు ఈ పెద్దమనిషి మొహం మీ కళ్ళముందు ఉండాలి.

శాలిబండలో మాది పాత ఇల్లు. సందు చివరి చిన్న గుడికి మూడు తరాలుగా మా ఇంటి నుంచే నైవేద్యం వెళుతుంది. నాన్న ఉన్నన్నాళ్ళూ పూజ ఆయనే చేసేవాడు. ఆయన పోయాక పూజ వేరేవాళ్ళ చేతికి వెళ్ళినా వంట మాత్రం ఇప్పటికీ అమ్మదే. తెల్లవారుజామున అయిదింటికి బియ్యం కడిగి, ఆ నీళ్ళు పెరట్లో గోడవారనున్న ఒక రాతిపలక పక్కన పోస్తుంది. పండగపూట ఆ పలకకు పసుపూ కుంకుమా పెడుతుంది. అదేదో గ్రామదేవత వ్యవహారమనుకొని నేను ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో దేవుళ్ళకేం కొరత, ఒకరు ఎక్కువైతే ఏమైందని ఊరుకున్నాను.

నా భార్యది కోస్తా. ఆవిడ పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. ఎవరి కోసమంటే, ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో ఫోన్లెత్తి ఆర్డర్లు చెప్పే ఒకమ్మాయి కోసం. ఆమెకు చూపు లేదు. గ్రూప్స్ పరీక్ష రాస్తోంది. రెండుసార్లు అంచుదాకా వెళ్ళి తప్పింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇక ఇదే ఆఖరి అవకాశం. ఆమెకు కావలసిన పుస్తకాలు వినే రూపంలో దొరకవు. అందుకని మా ఆవిడ రోజూ మసీదులో అజాన్ అయ్యాక, మొదటి బస్సు హారన్ కొట్టేలోపు దొరికే ఆ కాస్త నిశ్శబ్దంలో ఒక పాఠం చదువుతుంది. ప్రతి ఆదివారం ఆ అమ్మాయి వచ్చి ఆ వారం పాఠాలు తన మెమరీ కార్డులోకి ఎక్కించుకుని పోతుంది.

"అక్కా, మీరు చదువుతుంటే రేడియోల వార్తలు విన్నట్టుంటది," అంది మొదట్లో. ఆ ఒక్క మాటకు మా ఆవిడ మొత్తం ఎకానమీ పుస్తకం భుజానికెత్తుకుంది.

ఈ రికార్డింగులన్నీ ఆవిడ చదివే పెరటివైపు గదిలోని పాత కంప్యూటర్లో ఉండేవి. ఆరేళ్ళుగా నోరెత్తకుండా పనిచేసిన జీవి. దానికి ఏ రోగమూ లేదు, అదే నాకు నచ్చలేదు. అంత ముఖ్యమైన పాఠాలు ఇంత పాత డబ్బాలో ఉంటాయా, మనం ఎవరం, మన హోదా ఏమిటి అనుకున్నాను. మూసేసిన ఒక ఆఫీసు సామాను అమ్మే అతని దగ్గర ఒక పెద్ద సర్వరు దొరికింది. "శేర్ హై సాబ్, శేర్! ఫికర్ మత్ కరో," అన్నాడు. సింహమట, దిగులు పడొద్దట. ఆటోలో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఆన్ చేస్తే నిజంగానే గర్జించింది.

"ఏవండీ, ఇది సర్వరా, పిండిమరా?" అంది మా ఆవిడ రెండు చెవులూ మూసుకుని.

ఆ చప్పుడులో రికార్డింగు జరగదు కాబట్టి దాన్ని పక్కనున్న సామాన్ల గదిలోకి, బియ్యం డ్రమ్ము పక్కకు మార్చాను. పాత కంప్యూటర్లోని డిస్కు ఊడదీసి, అందులోని పాఠాలు కొత్తదాంట్లోకి ఎక్కించి, డిస్కును తుడిచేసి దాన్నీ ఇందులోనే బిగించాను. ఇంకో కాపీ ఎక్కడైనా ఉంచరా అని ఆవిడ అడిగింది. "ఇందులో డిస్కులు జంటగా ఉంటాయి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది," అన్నాను. రెండూ కలిసి పోవచ్చని ఆఫీసుల్లో వందసార్లు చెప్పినవాణ్ణి. ఇంట్లో చెప్పేవాడు లేకపోయాడు.

సామాన్ల గది కిటికీకి సరిగ్గా కిందే అమ్మ నీళ్ళు పోసే రాతిపలక ఉంది. మర్నాడు తెల్లవారుజామున అమ్మ గిన్నెతో వస్తుంటే పరుగెత్తుకెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"అమ్మా, ఆగు! ఈడ నీళ్లు పొయ్యొద్దు. కిటికీ అవతలనే సర్వరుంది."

"గట్ల కాదు బిడ్డా, దానికి రోజు పొయ్యాలె. మీ..."

"నీళ్లకు కరెంటుకు పడదని పోరగాండ్లకు గూడ తెలుసమ్మా! నీ పూజలుంటే గుడిల చేస్కో. ఇది టెక్నికల్ ముచ్చట. రేపటి సంది ఈడ చుక్క పడొద్దు."

అమ్మ గిన్నె చంకనపెట్టుకుని లోపలికి పోయింది. ఆ పక్కగదిలోనే మా ఆవిడ కిటికీ తెరిచి, సర్వరుకు తగిలించిన మైకు ముందు పాఠం చదువుతోందని నాకు తెలియదు. నా ఉపన్యాసమంతా అందులో పడింది. "తీసేయండి మరి," అంది ఆవిడ. నాయిస్ అంతా ఒకేసారి తీసేస్తాలే అన్నాను. ఆ ఒకేసారి ఇంతవరకూ రాలేదు.

ఎండలు మొదలయ్యాక మా శేరుకు తెగులు పట్టింది. పాఠం మధ్యలో ఠక్కున ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి లేచేది. ఆవిడ చదివిందే చదివేది. నేను రామ్ అనే మెమరీ ముక్కను పీకి, దాని బంగారు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. ఈ దేశంలో సగం కంప్యూటర్లు ఆ రబ్బరుతోనే బతుకుతున్నాయి, మాది బతకలేదు. లోపలి పవర్ సప్లై డబ్బా మార్చాను. యూపీఎస్ బ్యాటరీలు మార్చాను. బ్లోయరుతో దుమ్ము ఊదితే బియ్యం డ్రమ్ము నిండా పడింది, అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు.

అదీగాక సర్వరు డబ్బాను ముట్టుకుంటే వేలు జివ్వుమనేది. మొదట చెప్పింది అమ్మే. "నీ డబ్బా కొడుతుందిరా," అంది బియ్యం తీసుకోవడానికి వెళ్ళి. "గదేం లేదు, స్టాటిక్ అంటరు," అని రెండు జతల రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చాను. యంత్రం షాకు కొడుతోందంటే మనుషులకు చెప్పులు తొడిగిన ఇంజనీరును నేనే.

"మడిల చెప్పులేస్కోమంటున్నడు, విన్నవా?" అని అమ్మ కోడలి దగ్గర మొత్తుకుంది. ఒట్టికాళ్ళతోనే తిరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పరీక్షకు మూడువారాలు ఉన్నాయనగా ఒక శనివారం పొద్దున సర్వరు అసలు లేవలేదు. రెండు డిస్కులూ ఒకేసారి నోళ్ళు వెళ్ళబెట్టాయి. సాయంత్రందాకా కిందా మీదా పడ్డాను. పాఠాలన్నీ పోయాయి. మా ఆవిడ అరవలేదు, అరిచినా బాగుండేది. వంటింటి గడపమీద కూర్చుని, "ఆ అమ్మాయికి రేపు ఏం చెబుతారో మీరే చెప్పండి," అంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. నేను గొంతు సవరించుకుని, డిస్కులూ, వాటి స్వభావమూ అంటూ మొదలుపెట్టాను. ఆమె రెండు నిమిషాలు ఓపిగ్గా విని, "పోయినయా అన్నా?" అంది.

"పోయినయి."

"పోయిన ఆదివారం దాంక ఉన్నవన్ని నా కార్డుల ఉన్నయి కదా. ఈ వారానియి అయిదు పాఠాలే." హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి కార్డు బయటపెట్టింది. మా ఇంటి అసలు సర్వరు ఉస్మాన్‌గంజ్ నుంచి బస్సులో వచ్చి పోతోందన్నమాట.

నేను ఊపిరి పీల్చుకునేలోపే, "అన్నా, ఏమనుకోకుంటే ఒక్క మాట అడగనా?" అంది. "మీరు పాఠంల లొల్లి చేసిండ్రు చూడు, గా రోజు సంది ఏదో మారింది."

"ఏం మారింది?"

"అంతకుముందు ప్రతి పాఠంల నీళ్లు పోసిన చప్పుడొస్తుండె. గల్ గల్ అని. మీ లొల్లి అయినంక బంద్ అయింది. కొన్ని దినాలకు అక్క గొంతు ఎనుక సన్నగ జుయ్ అని మొదలైంది. రోజురోజుకు పెరుగుతనే ఉంది. ఇగ పాఠం ఆగిపోవుడు ఆ జుయ్ మస్తు పెరిగినంకనే మొదలైంది."

కార్డు నా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెట్టి విన్నాం. నీళ్ళ చప్పుడు. తర్వాత నా గొంతు, ఎంత పొగరుగా ఉందో! తర్వాత నిశ్శబ్దం. ఒక్కో వారమూ దాటిస్తూ పోతే దోమలా మొదలైన రొద తుమ్మెదలా అయింది. ఆ రొద ఏమిటో నాకు తెలుసు. ఎర్తింగ్ చచ్చిపోయిన చోటల్లా వినబడేది అదే, డిస్కులు చచ్చేది దాని తర్వాతే. అదే రొదకు ఒక ఆఫీసులో నలుగురిని తిట్టి వచ్చాను.

పెరట్లోకి పరుగెత్తి రాతిపలక ఎత్తాను. దానికింద గ్రామదేవత లేదు. ఒక ఇనుప గొట్టమూ, దానికి చుట్టిన రాగితీగా, చుట్టూ బొగ్గూ ఉప్పూ కలిసిన మట్టీ ఉన్నాయి. మట్టి పేలపిండిలా ఎండిపోయి ఉంది. మా ఇంటి ఎర్తింగ్ గుంత అది. నేను హాస్టల్లో ఉండి ఎలక్ట్రికల్ సూత్రాలు బట్టీపట్టే రోజుల్లో, ఫ్రిజ్ షాకు కొడుతోందని తవ్వించారట. మట్టి తడిగా ఉంటేనే అది పనిచేస్తుంది. ఈ ముక్క నేను మేనేజర్లకు చెబుతుంటాను. అమ్మ చెప్పబోతే ఆపేశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో గెలిచి ఇంటికొచ్చి పెరట్లో పడ్డాను.

మీటరు తెచ్చి సాకెట్లో గుచ్చాను. ఆ అంకె ఇంకో చోట కనబడితే ఆ ఇంటివాళ్ళను బయటికి పొమ్మనేవాణ్ణి. అమ్మ బకెట్టు తెచ్చి నా చేతికిచ్చింది. ఉప్పు కలిపి నాలుగు బకెట్లు పోశాను. సాయంత్రానికి అంకె దిగింది, డబ్బా కొట్టడం మానింది, రొద పోయింది. డిస్కుల్లోవి మాత్రం తిరిగి రాలేదు. వాటి చోట కొత్తవి పెట్టి, ఆమె కార్డులోవి ఎక్కించి, ఈసారి విడిగా మరో రెండు కాపీలు తీశాను. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి.

మా ఆవిడ పోయిన అయిదు పాఠాలనూ వారంలో మళ్ళీ చదివింది, కొత్తవాటితో పాటు. ఆఖరి రోజులకు గొంతు బొంగురుపోయి మిరియాల పాలు తాగుతూ చదివింది. నేను పాపపరిహారంగా నా ఉపన్యాసాన్ని ఆ పాఠంలోంచి కత్తిరిస్తానన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

"తీయకుండ్రి అన్నా. గా లొల్లి ఎనుక వచ్చే ముచ్చట నాకు పక్కా యాదుంటది."

పరీక్ష రాసి వచ్చి ఫోన్ చేసింది. ఆ ముచ్చట నిజంగానే వచ్చిందట. "ప్రశ్న చదవంగనే మీ అరుపు ఇనబడ్డది అన్నా, నవ్వొచ్చింది. నాకు బదులు రాసే పిల్ల నన్ను చూసి పరేషాన్ అయింది." నా అరుపు వల్ల లోకంలో జరిగిన మేలు అదొక్కటే.

కొన్ని నెలలకు ఫలితాలొచ్చాయి. లిస్టులో ఆమె నంబరుంది. మిఠాయి డబ్బాతో మా ఇంటికొచ్చింది. మా ఆవిడ ఆమెను పట్టుకుని ఏడ్చేసింది. ఆ అమ్మాయి మా అమ్మ ఎక్కడుందో అడిగి, మొదటి ముక్క అమ్మ చేతిలో పెట్టి అక్కడే నేలమీద కూర్చుంది.

"అమ్మా, మిమ్మల్ని ఒకటి అడుగుత. గా రోజు మీరు 'దానికి రోజు పొయ్యాలె, మీ' అని ఆగిండ్రు. అన్న అడ్డమొచ్చిండు. నేను వందసార్లు విన్న, గా మాట ఎన్నడు పూర్తి కాదు. ఏం చెప్పబోయిండ్రు?"

ఈ నెలలన్నింటిలో నేను గొట్టం గురించి అడిగాను, తీగ గురించి అడిగాను, బొగ్గు గురించి అడిగాను. ఆ మాట అడగలేదు.

అమ్మ నావైపు చూసింది. "ఏం లేదు బిడ్డా. మీ బాపు చెప్పిండు అందామనుకున్న. దవాఖానల పండుకొని గూడ అదే ఫికర్ ఆయనకు. 'వాడు ఎప్పుడు చూసినా గా డబ్బాలల్ల చెయ్యి పెడ్తడు, కాళ్లకు చెప్పులుండయి. గుంత ఎండనియ్యకు' అన్నడు. గందుకే పోస్తున్న ఇన్నేండ్లు."

మిఠాయి ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు తెల్లవారుజామున ఆ నీళ్ళు నేనే పోస్తున్నాను. అమ్మ బియ్యం కడిగి గిన్నె అందిస్తుంది. మూలకు కూడా పొయ్యి అని వెనకనుంచి చెబుతుంది, పోస్తాను. ఆ పాఠం సర్వర్లోనే ఉంది. నాయిస్ తీయలేదు. అందులో అమ్మ "మీ" అంటుంది, ఆ తర్వాత అంతా నా గొంతే.