అత్తకి చెప్పిన ఐరోపా పాఠం

ఎం.ఏ.లో ఒక్క పేపరు తప్ప అన్నీ గట్టెక్కాను. ఆ ఒక్కటి, ఐరోపా దేశాలు ఏకమైన చరిత్ర, రెండుసార్లు తప్పాను. ఒప్పందాల పేర్లూ సంవత్సరాలూ బట్టీపట్టి వెళ్ళడం, హాల్లో కూర్చోగానే అంతా కలగాపులగం కావడం. ఇది మూడోసారి. ఈసారీ తప్పితే దూరవిద్య గడువు ముగిసి, చదివిందంతా గంగలో కలిసినట్టే. తాత్కాలికంగా పాఠాలు చెబుతున్న స్కూల్లో నా ఉద్యోగం ఖాయం కావడం కూడా దానిమీదే ఆధారపడి ఉంది.

ఆ నెలలోనే మా అత్తకి కంటిశుక్లం ఆపరేషన్ అయింది. వంగకూడదు, బరువెత్తకూడదు, టీవీ చూడకూడదు. సీరియళ్ళు లేక ఆమెకి పిచ్చెక్కిపోయింది.

"ఏందో చదువుతా ఉండావే, అదన్నా గట్టిగా చదువు మే."

"ఇంగ్లీషులో ఉంది అత్తా."

"తెలుగులో చెప్పు. నేనేమన్నా పారిపోతానా?"

అలా మొదలైంది. తొండియార్‌పేటలో మాది రెండు వాటాల ఇల్లు. ఒకదాంట్లో మేము, పక్కదాంట్లో అత్త సొంత అక్క. ఇద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. బోరు మోటారు కాలిపోతే నువ్వంటే నువ్వని తిట్టుకుని, కొత్తది వచ్చాక స్విచ్చి పెట్టెకి చెరొక తాళం వేశారు. రెండూ తెరిస్తేగానీ నీళ్ళు రావు. పొద్దున్నే ఇద్దరూ వచ్చి, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఎవరి తాళం వాళ్ళు తీసి పోతారు. చూసినప్పుడల్లా నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

ఫిరంగులకి కావలసినవి బొగ్గూ ఉక్కూ కాబట్టి, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్ళకే ఫ్రాన్సూ జర్మనీ, మరో నాలుగు దేశాలూ వాటిని ఉమ్మడి పెత్తనం కింద పెట్టాయని చెప్పాను. చాటుగా ఎవరూ ఆయుధాలు చేసుకోకుండా.

"మన మోటారు మాదిరే" అని అత్తే నవ్వింది. "సరి, ఆడ ముందు ఎవురు మాట్లాడినారు?" అంది.

"ఫ్రాన్సు. వాళ్ళ దేశాన్ని జర్మనీ ఆక్రమించింది, అయినా వాళ్ళే."

"వాళ్ళకి రోషం లేదా?"

"ఉంది అత్తా. మళ్ళీ బిడ్డల్ని యుద్ధానికి పంపలేమనుకున్నారు."

అత్త నల్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. నాకు అప్పటిదాకా తలకెక్కని పాఠం, ఆమె ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటూ ఉంటే ఒక్కొక్కటే తలకెక్కింది.

పరీక్షరోజు పొద్దున, మా పాపని చూసుకోవడానికి పురసవాక్కం నుంచి రావాల్సిన అమ్మ జ్వరమని ఫోను చేసింది. మా ఆయన మనలి రిఫైనరీలో షట్‌డౌన్ మరమ్మతుల్లో ఉన్నాడు, సెలవు దొరకదు. రెండేళ్ళ పిల్లని ఎత్తుకునే స్థితిలో అత్త లేదు. హాల్‌టికెట్ సంచిలోంచి తీసి బల్లమీద పెట్టేశాను. "మళ్ళీ రాస్తాలే అత్తా" అన్నాను. మళ్ళీ లేదని ఆమెకీ తెలుసు.

అత్త నల్లద్దాలు సరిచేసుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచింది. సొంత తమ్ముడు పోయినప్పుడు కూడా అక్కకి ఎడంగా నిలబడిన మనిషి. వెళ్ళి పక్క వాటా తలుపు తట్టింది.

"అక్కా, దీనికి ఈ పొద్దు పరీక్ష. బిడ్డని చూసుకునేదానికి ఈడ మనిషి లేదు."

పెద్దత్త ఆమె మొహంలోకి చూసింది. తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "బిడ్డ ఏం తింటది?" అని అడిగింది.

షేర్ ఆటోలో వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కావిడ నేనేమీ చదవలేదనుకుందేమో, ధైర్యం చెప్పింది. పాసయ్యాను, ఉద్యోగమూ ఖాయమైంది. అక్కచెల్లెళ్ళు ఇప్పటికీ పోట్లాడుకుంటారు, కాకపోతే నోరారా. వాళ్ళ గొడవకి నాకు తలనొప్పి వచ్చిన రోజు కూడా అత్తమీద కోపం రాదు. తన కోసమైతే ఆమె చచ్చినా ఆ తలుపు తట్టేది కాదు.