కమ్మీ లేని కంబం

ఇల్లు కట్టిన ఇంజనీర్లు ఊరికి పదిమంది దొరుకుతారు. ఇల్లు కూల్చినవాళ్లూ అక్కడక్కడా తగులుతారు. కానీ గృహప్రవేశం నాడు, సరిగ్గా పాలు పొంగే వేళకు, ఇంట్లో ఉన్నవాళ్లందరినీ వీధిలోకి తరిమి, సొంత అక్క చేత "నువ్వు నా చెల్లెలివే కాదు, పో" అనిపించుకున్న ఇంజనీరు మన జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే. ఈ ఘనత ఎలా సాధించావమ్మా అంటారా? చదువు వల్ల. అదీ నడివయసులో అబ్బిన చదువు వల్ల.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. డాక్టరు మనిషిని చూసినట్టు మేం కట్టడాన్ని చూస్తాం. ఏ దూలం ఎంత బరువు మోస్తుంది, ఏ పిల్లర్‌లో ఎంత ఇనుము వేయాలి, ఇదీ మా లెక్క. కాలేజీలో నేర్చుకున్న చదువు కాలం గడిచేకొద్దీ తుప్పు పడుతుంది కాబట్టి, మధ్యమధ్యలో మమ్మల్ని మళ్లీ బడికి పంపుతారు. ఆ వేసవిలో అనంతపురంలో అట్లాంటి తరగతులు పెట్టారు. కట్టేసిన ఇళ్లు గట్టిగా ఉన్నాయో లేదో పగలగొట్టకుండా పరీక్షించడమెలాగో నేర్పుతారన్నమాట.

ఆ తరగతిని మీరు చూసి ఉండాల్సింది. సైటులో ఒక్క కేకతో వందమందిని పరుగులు పెట్టించే మీసాలాయన వెనక బెంచీ కోసం పోట్లాడేవాడు. ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేసిన పెద్దమనిషి చెయ్యెత్తి, "మేడమ్, ఇది పరీక్షలో వస్తాదా?" అని అడిగేవాడు. ధర్మవరం నుంచి రోజూ వచ్చే వెంకటరమణ అన్న నా పక్కన కూర్చునేవాడు. భోజనం కాగానే ఆయన తల ముందుకు వాలేది.

"ఏమన్నా, నిద్రపోతాండావా?"

"లేదమ్మా. స్లాబు బరువంతా రెప్పల మీద పడింది."

మాకు పాఠాలు చెప్పడానికి విజయనగరం నుంచి సరళా మేడమ్ వచ్చారు. ఒక రోజు ఆమె పెట్టెలోంచి ఒక యంత్రం తీశారు. చూడటానికి చిన్న ఇస్త్రీపెట్టెలా ఉంది. గోడకు ఆనించి జరిపితే లోపల ఇనుప కమ్మీ ఎక్కడుందో కనిపెట్టి కీచుమంటుంది. కమ్మీ లేకపోతే మూగదైపోతుంది. నేను ఆ యంత్రాన్ని తొలిచూపులోనే ప్రేమించాను. దాచుకోవడం దేనికి, పెళ్లిచూపుల్లో మా ఆయన్ని చూసినప్పుడు కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు.

వారాంతానికి మేడమ్ ఇంటిపని ఇచ్చారు. "తలా ఒక కట్టడాన్ని పరీక్షించి రండి. సోమవారం అందరి ముందూ నిలబడి చెప్పాలి."

"యంత్రం నాకివ్వండి మేడమ్! ఆదివారం మా అక్క గృహప్రవేశం. కొత్త ఇల్లు పరీక్షించుకొని వస్తా!"

"గృహప్రవేశంలోనా?" అన్నారు మేడమ్ అనుమానంగా.

అప్పుడే నాకు బుద్ధి రావలసింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త యంత్రం పట్టినవాడు శుభకార్యమెరగడు.

అక్కవాళ్లది కుందుర్పి దగ్గర పల్లె. బావ పేరు తిప్పేస్వామి. బోరు ఎండిపోయినా, చెనిక్కాయ పంట ఎండిపోయినా మనిషి మాత్రం నవ్వుతూనే ఉంటాడు. పాత రాతి మిద్దెను పడగొట్టి, అదే జాగాలో కొత్త ఇల్లు కట్టించాడు. కట్టింది రసూల్ మేస్త్రి. బావా అతనూ చిన్నప్పటి నుంచి జోడీ. ఒకరి చొక్కా ఒకరు తొడుక్కొని పెరిగారు. ఇల్లు కట్టేటప్పుడు నేను బళ్లారిలో పనిలో ఉండి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆదివారం పొద్దున పోయేసరికి ఇల్లంతా పసుపూ మామిడాకులూ ఘుమఘుమలూ. అయ్యవారు మంత్రాలు చదువుతున్నారు. మేడ మీద టిఫిన్ల బంతి నిండుగా కూర్చుంది. నేను సంచీలోంచి యంత్రం తీసి ఒక మూల పిల్లర్‌కి ఆనించాను. కీచుమంది. అంతే, చుట్టాలంతా నా చుట్టూ మూగారు.

"ఏమ్మా పద్మా, ఇది బంగారముంటే చెప్తాదా?" అంది అక్క తోడికోడలు.

"ఇనుము ఒక్కటే చెప్తాదక్కా."

"అట్లయితే మా ఆయప్ప గుండెకాయ మీద పెట్టి చూడు. ఖాయంగా మోగుతాది."

నవ్వులే నవ్వులు. ఆ ఉత్సాహంలో నేను హాల్లోని పిల్లర్లన్నిటికీ వైద్యం చేస్తూ పోయాను. మోగింది, మోగింది, మోగింది. చివరికి హాలు నడుమ ఉన్న పిల్లర్ దగ్గరికొచ్చాను. అది కొంచెం వింత చోట ఉంది. సోఫాకు అడ్డం, టీవీకి అడ్డం, నడిచేవాళ్లకు అడ్డం. దానికి వీపు ఆనించుకొని బావ వాళ్లమ్మ ఓబుళమ్మ అవ్వ వక్కాకు నములుతోంది.

"అవ్వా, రవ్వంత జరుగు."

"ఎందుకు పాపా? నన్నూ పరీక్ష చేస్తావా?"

ఆమె తల పక్క నుంచే యంత్రం ఆనించాను. చప్పుడు లేదు. కిందికి జరిపాను. లేదు. పైకి, పక్కకు, నాలుగు వైపులా... మూగనోము పట్టినట్టుంది.

ఇంటికి నట్టనడుమ పిల్లర్. మేడ మీద బంతి నిండా మనుషులు. లోపల ఒక్క కమ్మీ లేదు! తరగతిలో చూసిన కూలిపోయిన ఇళ్ల ఫోటోలన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. నిండు కుండ తొణకదంటారు. నాది ఒక్క వారం చదివిన కుండ. తొణకడం కాదు, ఊరంతటినీ తడిపింది.

"అందరూ బయటికి పోండి!" అని అరిచాను. "ఇల్లు పడిపోతాది! పైనోళ్లు ముందు దిగండి! పరిగెత్తకండి! బిన్నా పరిగెత్తండి!"

రెండు మాటలూ నేనే అన్నాను. జనం రెండోది పట్టుకున్నారు. అయ్యవారు కలశం చంకన పెట్టుకొని నా కంటే ముందే గడప దాటారు. పైనుంచి దిగినవాళ్ల చేతుల్లో చిత్రాన్నం ఆకులు అలాగే ఉన్నాయి. ఒక పెద్దాయన ఎండలో నిలబడి కూడా ఓళిగ, అదే మీ బొబ్బట్టు, నములుతూనే ఉన్నాడు. లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గృహప్రవేశం కాస్తా గృహ నిష్క్రమణం అయింది.

"ఏమే, నీకేమన్నా గాలి సోకిందా?" అక్క నా రెక్క పట్టుకొని ఊపేసింది. "పాలు పొంగేటప్పుడు పడిపోతాదంటావా? నువ్వు నా చెల్లెలివే కాదు, పో!"

"అక్కా, నడిమి పిల్లర్‌లో కమ్మీ లేదు. కావాలంటే మేస్త్రినే అడగండి!"

ఆ మాట అన్నానో లేదో, వీధి వీధంతా రసూల్ వైపు తిరిగింది. అతను కార్యానికి కొత్త చొక్కా వేసుకొని వచ్చాడు. పక్కనే భార్య, చేతిలో అక్కకు పెట్టడానికి తెచ్చిన చీర.

బావ ముఖంలో నవ్వు లేదు. అతన్ని అలా చూడటం నాకదే మొదలు.

"రసూలూ, పద్మ చెప్పేది నిజమేనా? ఆ పిల్లర్‌లో కమ్మీ ఏసినావా, లేదా?"

రసూల్ నేల చూశాడు. "లేదు తిప్పేసూ."

"ఎందుకు ఏయలేదప్పా?"

రసూల్ కొత్త చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"హాలు నడుమ పిల్లర్ ఎందుకప్పా అని అడిగితే, అది లేకుంటే స్లాబు దిగుతాదని నువ్వే కదప్పా చెప్పినావు! ఇప్పుడు నోరు తెరిచి చెప్పరాదా?"

"చెప్పలేను. నన్ను అడగొద్దు తిప్పేసూ."

బావ ఒక అడుగు ముందుకేశాడు. "ఒకే కంచంలో తిన్నోళ్లం. నా బిడ్డలు పండుకునే ఇంట్లో ఇట్లా చేస్తివా?"

రసూల్ భార్య చీరను గుండెకు హత్తుకొని వెక్కి ఏడ్చింది. రసూల్ అలాగే రాయిలా నిలబడ్డాడు. నాకు అప్పటికింకా గర్వంగానే ఉందని చెప్పడానికి సిగ్గేస్తోంది. ఇంతమంది ప్రాణాలు కాపాడాను కదా అనుకుంటున్నాను. జనాన్ని లెక్క చూస్తే ఒక మనిషి తక్కువ.

"అవ్వ యాడ?"

అవ్వ లోపలే ఉంది. ఆ పిల్లర్‌నే ఆనుకొని, కాళ్లు చాపుకొని, వక్కాకు నములుతోంది.

గడప దగ్గర నిలబడి అరిచాను. "అవ్వా! బయటికి రా! అది పడిపోతాది!"

"యాడికీ పడదులే పాపా. నువ్వే లోపలికి రా. వాన్నెవరూ ఏమీ అనొద్దండి. చెప్పొద్దని రసూలుతో ఒట్టేయించుకున్నది నేను."

ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. అవ్వ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది పిల్లర్ కాదు నాయనా. మన పాత మిద్దెలోని రాతికంబం. పైన సిమెంటు పూయించింది నేనే, అంతే."

రాయిలో కమ్మీ ఉండదు. యంత్రం అందుకే మూగబోయింది. ఇంత చదివిన నాకు అది తట్టలేదు.

"పెద్ద కరువు వచ్చినప్పుడు మీ నాయన బండలు కొట్టే పనికి పోయినాడు," అంది అవ్వ. "సాయంత్రం కూలి గింజలు తెస్తాడని పొయ్యి మీద ఎసరు పెట్టుకొని కూసున్నా. ఆ మనిషి గింజలకు బదులు ఈ కంబం అడిగి, బండికెక్కించుకొని వచ్చినాడు. రాయి ఉడుకుతాదా, దేనికి పనికొస్తాది ఇది అని వీధంతా వినేటట్టు అరిచినా. ఆయప్ప ఏమన్నాడో తెలుసా? 'గింజలు తెస్తే తిని, రేపు బెంగుళూరు బండెక్కుతాం. రాయి తెస్తే ఇల్లు కట్టుకొని ఈ ఊర్లోనే ఉంటాం' అన్నాడు. ఆ పూట నీళ్లు తాగి పండుకున్నాం. ఊరు మాత్రం ఇడ్సలేదు."

వీధిలో ఓళిగ తిన్న పెద్దాయన కూడా నమలడం ఆపాడు.

"నువ్వు పాత రాళ్లన్నీ లారీకెత్తించి పంపిస్తివి. ఇది ఒక్కటి ఉన్నచోటే ఉండనీ అని రసూలు చేతులు పట్టుకున్నా."

"నాకు చెప్పింటే ఉంచేవాణ్ణి కదమ్మా," అన్నాడు బావ.

"నువ్వు అడిగినావా నాయనా, ఏమన్నా ఉంచాల్నా అని?"

బావ కంబాన్ని చేత్తో తడిమాడు. నేను నిచ్చెన తెప్పించుకొని ఎక్కి, మామిడాకుల తోరణం పక్కకు తీసి చూశాను. కంబం కొసకూ స్లాబుకూ మధ్య సందు ఉంది. నా వేలు సులువుగా దూరింది. స్లాబు తన దూలాల మీద తాను హాయిగా కూర్చుంది. ఇంటి బరువంతా మోస్తోందని నేను వణికిపోయిన ఆ పిల్లర్ మోస్తున్నది ఒక్క మామిడాకుల తోరణాన్ని.

"ఇది ఏమీ మోయడం లేదు బావా," అన్నాను నిచ్చెన మీద నుంచే, బిక్కముఖంతో.

"ఎందుకు మోయదు?" అంది అవ్వ కోపంగా. "నన్ను మోస్తాండాది కదా!"

బావ లేచి రసూల్ దగ్గరికి పోయాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. రసూల్ భుజం మీద బావ చెయ్యి మాత్రం చాలాసేపు ఉంది. తర్వాత బావ సుత్తీ ఉలీ తెచ్చి కంబం మీది పూత తనే కొట్టడం మొదలుపెట్టాడు.

"అయ్యో తిప్పేసూ, నిదానం! ఎంత నున్నగా పూసినానో!" అని రసూల్ విలవిలలాడాడు.

నేను అతని దగ్గరికి పోయి చేతులు జోడించాను. "రసూలన్నా, తప్పయిపోయింది. అందరి ముందరా నిన్ను నిలబెట్టినా."

"పోనీలేమ్మా. అందరూ అది సిమెంటు పిల్లరే అనుకున్నారు కదా. ఇంజనీరమ్మ కూడా అనుకొనె. నా పనికి అంతకంటే మెచ్చుకోలు ఏం కావాల?"

పూత రాలిపోయాక నల్లని రాయి బయటపడింది. అవ్వ వీపు ఆనే చోట అద్దంలా నునుపు తేలి ఉంది. అక్క దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, మళ్లీ పొయ్యి వెలిగించింది. రెండోసారి పాలు పొంగాయి. రసూల్ భార్య తెచ్చిన చీర కట్టుకొనే అక్క వడ్డన చేసింది. నాతో మాత్రం మాట్లాడలేదు. నా ఆకులో ఓళిగ వేయకుండా పక్క ఆకుకు పోయింది. తర్వాత ఎవరూ చూడకుండా వెనక్కి వచ్చి రెండు వేసింది.

సోమవారం తరగతిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. వెంకటరమణ అన్న ఆ పూట నిద్రపోలేదు. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడో, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడో గాని, మొత్తానికి మెలకువగానే ఉన్నాడు.

"మేడమ్, యంత్రం తప్పు చెప్పలేదు కదా?" అన్నాను చివరికి, ఎక్కడో చిన్న ఆశతో.

సరళా మేడమ్ నా చేతిలోంచి యంత్రాన్ని నెమ్మదిగా తీసుకొని పెట్టెలో పెట్టారు. "లేదమ్మా. అది 'ఇనుము లేదు' అని మాత్రమే చెప్పింది. 'ఇల్లు పడిపోతుంది' అన్నది నువ్వు."

కాబట్టి మహాజనులారా, కందిపప్పు ఓళిగ సాక్షిగా ఇదే నా ప్రమాణం. ఇకమీదట ఎన్ని తరగతులకైనా పోతాను, ఎన్ని కొత్త విద్యలైనా నేర్చుకుంటాను. కానీ ఏ ఇంటి కంబానికైనా యంత్రం ఆనించేముందు, అంతకుముందు నుంచి దానికి ఆనుకొని ఉన్న మనిషిని తప్పకుండా అడుగుతాను. అడిగినాక కూడా, పాలు పొంగేదాకా ఆగుతాను.