పాట ఆగే చోటు

మొన్న సోలార్ పలకలు బిగించడానికి మా అపార్టుమెంటు మిద్దె ఎక్కిన మనుషులు, తుప్పు పట్టిన డిష్ గొడుగులను పీకి ఒక మూల కుప్ప పోస్తుంటే చూస్తూ నిలబడిపోయాను. వాన పడగానే బొమ్మ పోతే మిద్దెక్కి గొడుగు తిప్పిన తరం మనది. ఏ కంపెనీ టీవీ బాక్సు కొనాలో చెప్పమని జనం ఒకప్పుడు నా దగ్గరికి వచ్చేవారంటే మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నమ్మరు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. అనంతపురం వైపు నుంచి వచ్చిన నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ మణికొండలో ఒక ఇంటి కింది వాటాలో కిరాయికి ఉండేదాన్ని. నోరు తెరిస్తే సీమ యాస బయటపడుతుందని షేర్ ఆటోలో చిల్లర కూడా అడగకుండా దిగిపోయేంత పిరికిదాన్ని. పై వాటాలో ఉండే ఇంటావిడను అక్కా అని పిలిచేదాన్ని. నార్సింగిలో ఉండే వాళ్ల అన్న అక్కడి దీక్షా శిబిరంలో డప్పు పట్టుకుని పాటలు పాడేవాడు. ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడి, నా భయం ఎలా కనిపెట్టాడో గాని, “మా లొల్లి నీతోని కాదు చెల్లె, నువ్వు ఫికర్ చెయ్యకు” అని వెళ్లిపోయాడు. ఆ మాట తర్వాతే నాకా ఇంట్లో కంటి నిండా నిద్ర పట్టింది.

శిబిరం వార్తలు వచ్చే వేళకు అక్క పనిలో ఉండేది. రికార్డు చేసి తర్వాత చూసుకునే బాక్సు ఒకటి కొనాలనుకుని, ఏది మంచిదో నన్ను చూడమంది. తప్పులు పట్టడమే నా ఉద్యోగం కాబట్టి, బంద్ రోజు పనిని శనివారం చేయించుకునే ఆఫీసులోనే కూర్చుని, ధర, మన్నిక, వాడకంలో సులువు అని మూడు గడులు గీసి పట్టిక తయారు చేశాను. కూకట్‌పల్లిలో ఉండే సహోద్యోగుల ఇళ్లకు వెళ్లి వాళ్ల సోఫాల్లో కూర్చుని రిమోట్లు నొక్కి నొక్కి, బాక్సుల కంటే వాళ్ల ఓపికనే ఎక్కువ పరీక్షించాను. చవకది నిండగానే పాత రికార్డింగులను తనంతట తానే చెరిపేసేది. ఖరీదైనది ఒకేసారి రెండు చానళ్లు పట్టేది గానీ దాని రిమోట్ నాకే అర్థం కాలేదు. మధ్య ధరది కాస్త వేడెక్కినా, ఎర్ర బొత్తం ఒక్కటి నొక్కితే చాలు. దాన్నే కొనిపించాను.

వారం తిరక్కముందే అన్న పాట శిబిరం నుంచి లైవ్‌లో రావడమూ, అక్క పరుగున వచ్చి ఎర్ర బొత్తం నొక్కడమూ జరిగాయి. నాలుగు నిమిషాల పాట. రికార్డింగులో మాత్రం మధ్యన ఒకచోట బొమ్మా గొంతూ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదిలేవి. అన్న కూడా వచ్చి చూసుకుని, “నా మొఖం గిట్లుంటదా!” అని పడీ పడీ నవ్వాడు.

ఆ చలికాలమే అతనికి గుండెనొప్పి వచ్చింది. దవాఖానలో రెండు రోజులున్నాడు, మూడో రోజు లేడు. అప్పటి నుంచి అక్క రోజూ పొద్దున పొయ్యి వెలిగించే ముందు ఆ పాట పెట్టుకునేది. ఆఫీసుకు వెళ్తూ నేనూ గుమ్మంలో ఆగి వినేదాన్ని. బొమ్మ బిగుసుకున్నప్పుడల్లా ఆమె తెర మీద చెయ్యి పెట్టి, “గక్కడ మా అన్న దమ్ము తీసుకుంటడు” అనేది.

ఆమెకు అది ఊపిరి, నాకు లోపం. నేను సిఫారసు చేసిన బాక్సు అలా ఆగడం నాకు తలవంపుగా ఉండేది. అన్న మాసికానికి నార్సింగి వెళ్తూ అక్క తాళంచెవి నాకిచ్చిన రోజున, మంచి పని చేస్తున్నాననుకుని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. గ్యారంటీ ఉంది కనుక కొత్త బాక్సు పెట్టి పాతది తీసుకుపోయారు. సంతోషంగా సంతకం కూడా చేశాను. బాక్సు మార్చిన కుర్రాడు వెళ్లాక రిమోట్ నొక్కి చూస్తే రికార్డింగుల జాబితా ఖాళీగా ఉంది. రికార్డయినవన్నీ బాక్సు కడుపులోనే ఉంటాయన్న సంగతి, అన్నీ పరీక్షించిన నాకు అప్పటిదాకా తట్టనే లేదు. వాళ్ల ఆఫీసు చుట్టూ తిరిగాను. వెనక్కి వచ్చిన బాక్సులన్నీ తుడిచేస్తామన్నారు. చానల్ వాళ్లు లైవ్ దాచుకోలేదన్నారు.

జరిగింది చెబితే అక్క రిమోట్ తీసుకుని, ఆ ఖాళీ జాబితాను పైనుంచి కిందికి ఒకసారి చూసి టీవీ కట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది. కొన్నాళ్లకు కిందికి దిగి వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. “మాటలు యాదికున్నయి చెల్లె, రాగమే దొరుకుతలేదు. నువ్వు రోజూ విన్నవు గద, జర పాడి చూపియ్యి” అంది.

నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. అన్నాళ్లూ నేను విన్నది పాటను కాదు. ఎప్పుడు ఆగుతుందా అని కాచుకుని నిలబడ్డాను, అంతే. అక్క లేచి పైకి వెళ్లిపోయింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ ఇల్లు బిల్డర్ చేతికి పోయి, దాని చోట ఏడంతస్తులు లేచాయి. అక్క నార్సింగిలో ఎక్కడో ఉందని విన్నాను. ఇప్పుడు మా పాప ఆవులించినా నాలుగు ఫోన్లలో పదిలంగా ఉంటుంది, ఏ బాక్సు మంచిదని ఎవరూ నన్ను అడగరు. నేనిప్పటికీ ఉంటున్న మణికొండ నుంచి నార్సింగి ఎంత దూరమని! అయినా ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఆ రాగం ఆమెకు మళ్లీ దొరికిందో లేదో నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు.